హీటర్ బంద్ చేస్తే కాయిల్ తెగుతది

ఉపేందర్ రెండో ముద్ద కలుపుతుండగా తల మీద ఫ్యాను ఆగింది. ఫ్యాను ఆగినందుకు అతను లేవలేదు. వెనక గదిలో మిషన్ కూయడం మొదలుపెట్టింది, అందుకు లేచాడు.

అది ఆక్సిజన్ మిషన్. కరెంటు పోతే కూస్తుంది. అతని తల్లి పోశవ్వ ముక్కులో గొట్టంతో మంచం మీద కూర్చుని, ఆ కూత తనది కానట్టు చింతపండులో గింజలు తీస్తోంది. ఉపేందర్ గొట్టాన్ని మిషన్ నుంచి పీకి, మూలనున్న సిలిండర్‌కు తగిలించి మూత తిప్పాడు. సిలిండర్ బొగ్గు కంపెనీ దవాఖానవాళ్ళు ఇచ్చింది. ఒకటే ఇచ్చారు. ఒక పూటకు మించి రాదు.

"తిని పోరాదుర కొడుకా," అంది పోశవ్వ.

"నువ్వు గింజలు పక్కకు పెట్టి ఒరుగు అవ్వా," అని అతను గోడకు ఆనించిన నిచ్చెన భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

పోశవ్వ ఊపిరితిత్తులు చెడింది గనిలో కాదు. గనిలో పని చేసింది ఆమె భర్త ఆగయ్య. ఆయన మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయ్యి, ఉద్యోగం కొడుక్కి ఇప్పించి, ఆ తర్వాత గుండెపోటుతో పోయాడు. పోశవ్వవి చెడింది పొయ్యి దగ్గర. అప్పట్లో గోదావరిఖని కాలనీల్లో ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి ఉండేది. బొగ్గు ఒక పట్టాన అంటుకోదు కాబట్టి ఎవరూ పొయ్యి ఆర్పేవారు కాదు. పడుకునే ముందు తడిపిన బొగ్గుపొడి కప్పి, తెల్లవారి కింద గెలికితే మళ్ళీ రాజుకునేది. పొయ్యి ఆరిపోయిన ఇల్లాలు చిప్ప పట్టుకుని పక్కింటికి నిప్పుకు పోవాలి. పక్కింటావిడ నిప్పు పెడుతూ దానితోపాటు ఒక మాట కూడా పెట్టి పంపేది. తన కాపురంలో నిప్పుకని ఒకరి గడప తొక్కలేదని పోశవ్వ ఇప్పటికీ చెప్పుకుంటుంది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి, ఇదంతా ఆ పొగేనని చూపించాడు. అయినా ఆమె చెప్పుకోవడం మానలేదు.

తర్వాత బొగ్గు పొయ్యిలు పోయి కరెంటు హీటర్లు వచ్చాయి. కంపెనీ క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు. గ్యాసుకైతే డబ్బు పెట్టాలి. మట్టి పళ్ళెంలో తీగచుట్ట, దాని మీద గిన్నె. పొగ లేదు, మసి లేదు. పొయ్యి మారింది కానీ పద్ధతి మారలేదు. హీటర్‌ను కూడా ఎవరూ ఆర్పరు. బంద్ చేసి మళ్ళీ వేస్తే కాయిల్ తెగుతదని కాలనీలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. వంట లేని వేళ దాని మీద నీళ్ళ గిన్నె ఉంటుంది. నీళ్ళు మరిగి ఇగిరిపోతే మళ్ళీ పోస్తారు.

ఉపేందర్ ఆ కాలనీకి కంపెనీ ఎలక్ట్రీషియన్. ట్రాన్స్‌ఫార్మర్ ఇళ్ళ లైను మొదట్లో, దిమ్మె మీద ఉంటుంది. ఈ లైన్లు కట్టిన కాలంలో ఇంటికి రెండు బల్బులు, ఒక ఫ్యాను అని లెక్క వేసి పెట్టింది అది. ఇప్పుడు ఏసీ లేని ఇల్లు వెతకాలి. అతను స్విచ్ దించి, నిచ్చెన వేసి, కరిగిన ఫ్యూజు తీగ ముక్కలు దులిపి కొత్తది చుడుతుండగా కింద ముత్యం వచ్చి నిలబడ్డాడు. ముత్యం వరసకు బావ. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవరుగా చేసి, మానేసి, బ్యాటరీ ఆటో కొన్నాడు.

నిచ్చెన మీది నుంచి చూస్తే పవర్ హౌజ్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ముత్యం వాటి వైపు చెయ్యి చాపాడు.

"బావా, ఊకె గీ తీగలు చుట్టుడేంది. గా గొట్టం దాంక ఒక వైరు గుంజరాదు. పక్కనే ఉన్నది గద."

"నీ ఆటో ఛార్జింగ్ పీకినవనుకో, వైరు అక్కెర లేదు."

"నా ఆటో జోలికి రాకు. పర్యావరణం దినం నాడు నాకు శాలువ కప్పిన్రు. పొగ లేని బండి నాది."

శాలువ కప్పిన మాట నిజమే. ఆటో రోజంతా పొగ లేకుండా తిరిగి, ఎండ ముదిరే వేళకు ఇంటికి వచ్చి, వరండాలోని ప్లగ్గుకు తగులుకుంటుంది. సరిగ్గా ఏసీలన్నీ వేసే వేళకు. ఉపేందర్ ఆ సంగతి చెప్పాడు. మరి గిరాకీ లేని వేళనే కదా ఛార్జింగ్ పెట్టుకునేది అని ముత్యం అన్నాడు. అదీ నిజమే.

ఆ సాయంత్రం ఉపేందర్ లైనంతా తిరిగాడు. ఏసీలు మానమని అడగలేదు. రోహిణి కార్తెలో ఆ మాట అంటే ఎవరూ వినరని తెలుసు. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా హీటర్లు మాత్రం బంద్ పెట్టండి, ఫ్యూజు ఆగుతుంది, అవ్వ మిషన్ ఆగకుండా నడుస్తుంది అని చెప్పాడు. ఎవరూ కాదనలేదు. పోశవ్వ ఆ లైన్లో సగం మంది కాన్పులకు పక్కన కూర్చున్న మనిషి. కొందరు ఆమె ఎట్లా ఉందో చూడటానికి అతని వెంటే వచ్చారు. పండ్లు తెచ్చారు.

మర్నాడు అదే వేళకు ఫ్యూజు పోయింది.

ఈసారి ఉపేందర్ ఫ్యూజు వేసి ఊరుకోలేదు. లైను మీద ఎంత కరెంటు పారుతోందో మీటరు పట్టి చూశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. నిచ్చెన అక్కడే వదిలేసి ఇళ్ళల్లోకి నడిచాడు. రెండో ఇంట్లో హీటర్ ఎర్రగా ఉంది, మీద నీళ్ళు మరుగుతున్నాయి. నా ఒక్క హీటర్‌కు ఏమైతదిలే అనుకున్నా అని ఆ ఇంటావిడ చెప్పింది. తర్వాతి ఇంట్లో, అందరూ బంద్ చేస్తారు కదా, మనది ఉండొచ్చులే అనుకున్నారు. ఇంకో ఇంట్లో నిజంగానే ఆర్పారు, మళ్ళీ వేస్తే కాయిల్ తెగింది. కొత్త కాయిల్ ఎవరు తెచ్చిస్తరని ఉపేందర్‌నే అడిగారు.

సారవ్వ ఇంట్లో అయిదు హీటర్లున్నాయి. ఆమె పెళ్ళిళ్ళకు సకినాలు, గరిజెలు చేసి అమ్ముతుంది. గది నిండా గుడ్డలు పరిచి, మీద పిండి చుట్టలు ఆరబెట్టి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. సారవ్వ చిల్లుల గరిటె ఎత్తి నూనె వడకట్టి, తర్వాత మాట్లాడింది.

"బంద్ చెయ్యమను, చేస్త. రేపు పెండ్లోళ్ళకు నువ్వే జవాబు చెప్పు. గీ నలుగురికి కూలి నువ్వే ఇయ్యి."

"చిన్నమ్మా, గ్యాసు మీద చెయ్యొచ్చు గద."

"గ్యాసు మీద చేస్తే నాకేం మిగుల్తది? దుకాణపోళ్ళే అగ్గువకు అమ్ముతాన్రు." ఆమె గరిటె కింద పెట్టింది. "నన్నడిగే ముందు మీ ఇంట్ల చూసుకో ఉపేందర్. ఇప్పుడే చూసొచ్చిన. మీ పొయ్యి గూడ ఎర్రగనే ఉన్నది."

ఉపేందర్ ఇంటికి వచ్చాడు. హీటర్ ఎర్రగానే ఉంది. మీద నీళ్ళ గిన్నె. భార్య తిరుమల పొద్దున ఆర్పి, బీడీ ఆకు దుకాణంలో లెక్కల పనికి పోయింది. ఆమె అటు పోగానే పోశవ్వ గొట్టం పొడుగున్నంత దూరం నడిచి వచ్చి, చెయ్యి చాపి స్విచ్ వేసింది. ఇప్పుడు మంచం మీద కూర్చుని, ఎందుకు వేసినవని కొడుకు అడుగుతుంటే అర్థం కానట్టు చూస్తోంది. ఇంట్లో నిప్పు లేకుండా ఎట్లా ఉంటుందని అడిగింది. ఆ హీటర్ల వల్లే నీ మిషన్ ఆగుతోందని అతను చెప్పాడు. ఆమె తలాడించింది. ఒప్పుకున్నట్టే ఉంది.

ఇంజినీరు త్రివిక్రమ్ మంథని మనిషి. కోపంగా మాట్లాడడు, ఎదుటివాడు చెప్పేది మధ్యలో ఆపడు. ఉపేందర్ ఆయన ఆఫీసుకు పోయి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడం అది మొదటిసారి కాదు. ఆయన కుర్చీ చూపించి, ఫైలు తీసి, పైనుంచి వచ్చిన ఆదేశం అర్థమయ్యేట్టు చెప్పాడు. కాలనీల్లో కరెంటు వాడకం ఏటా పెరుగుతోంది. పాత క్వారీల పక్కన వేసిన సోలార్ పలకల కరెంటు ఈ పెరుగుదలకే చాలడం లేదు. కాబట్టి ముందు మీటర్లు. ఇంటికి కొన్ని యూనిట్లు ఉచితం, దాటితే జీతంలో కోత. మీటర్లు పెట్టుకున్న లైనుకే కొత్త ట్రాన్స్‌ఫార్మర్.

"మా అవ్వ సంగతి మీకెరుకే గద సార్."

"తెలుసు. రోగి ఉన్నారని ఒక లైనుకు ఇస్తే మిగతా లైన్లకు ఏం చెప్పను? ప్రతి లైన్లోనూ ఒక రోగి ఉన్నాడు, ఉపేందర్. నేనిచ్చే కొద్దీ మీవాళ్ళు వాడుతూనే ఉంటారు. ఆ కరెంటు కోసం తవ్వే క్వారీ దుమ్ముతోనే ఇంకొకరికి మిషన్ కావాల్సి వస్తుంది."

ఉపేందర్‌కు ఆ మాటలో తప్పు దొరకలేదు. బయటికి వచ్చి యూనియన్ ఆఫీసుకు పోయాడు. అక్కడ రాయమల్లు ఉన్నాడు. లైనుకు పెద్దదిక్కు, ఉపేందర్‌కు ఉద్యోగం వచ్చేటప్పుడు మెడికల్ బోర్డు చుట్టూ ఆగయ్యను తిప్పిన మనిషి. ఆయనా కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు.

"మీటరంటే ఇయ్యాల కొన్ని ఉచితం తమ్మీ. వచ్చే ఏడు సగం. ఆ మీదటేడు అన్నిటికీ బిల్లు. బొగ్గు తీసేటోనింట్ల మీటరేంది? మీటర్లు వద్దని గేటు కాడ నువ్వు గూడ జెండ పట్టినవు, యాది మరిచినవా?"

మరిచిపోలేదు. జెండా పట్టుకున్న మాట నిజం. రాయమల్లు చెప్పినట్టు జరగదనే నమ్మకం కూడా అతనికి లేదు. మరి అందాకా హీటర్లయినా తగ్గించమని మీరు ఒక మాట చెప్పండన్నాడు. రాయమల్లు తప్పకుండా చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. మైకులో చెప్పాడు. లైను వాళ్ళు హీటర్ల మీద గిన్నెలు దించకుండా విన్నారు.

మర్నాడు ఫ్యూజు పోయినప్పుడు ఉపేందర్ ఎవరినీ ఏమీ అడగలేదు. తీగ ఒక పోగు చుట్టాల్సిన చోట రెండు పోగులు చుట్టాడు. కాసేపు చూసి, మూడో పోగు కూడా చుట్టాడు. అది చెయ్యకూడదని అతనికి తెలుసు. ఫ్యూజు పోవడానికే ఉంటుంది. అది పోకపోతే దాని వెనకున్నది పోతుంది. ఆ సంగతి కాలనీలో ఎలక్ట్రీషియన్లు కానివాళ్ళకు కూడా తెలుసు, అయినా ఇళ్ళల్లో అందరూ చేసేది అదే. ఉపేందర్ మాత్రం ఇన్నేళ్ళ సర్వీసులో చెయ్యలేదు. చేసి, నిచ్చెన దిగి, ఇంటికి పోయి అన్నం తిన్నాడు. మిషన్ కూయలేదు.

ఆ వారం లైన్లో అందరికీ ఉపేందర్ మంచివాడయ్యాడు. పనితనం అంటే గిదీ అని సారవ్వ ఒక డబ్బా సకినాలు పంపింది. ఇంకొక ఇంట్లో రెండో గదికి ఏసీ తెచ్చుకున్నారు. ఉపేందర్ రోజుకు రెండుసార్లు దిమ్మె దగ్గరికి పోయి ట్రాన్స్‌ఫార్మర్ డొక్క మీద చెయ్యి పెట్టి చూసేవాడు. మొదట అరచెయ్యి ఆనేది. తర్వాత ఆనలేదు. పోగులు తీసెయ్యాలని రోజూ అనుకునేవాడు. తీస్తే మిషన్ కూస్తుంది.

ఒకరోజు ఎండ మిటమిటలాడుతుండగా లైను మొదట్లో పెద్ద చప్పుడైంది. నూనె కాలిన వాసన ఇళ్ళల్లోకి వచ్చింది. ఉపేందర్ పరుగెత్తే సరికి దిమ్మె మీద నల్ల పొగ లేస్తోంది. దూరాన పవర్ హౌజ్ గొట్టాలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆర్పడానికి ఇసుక బకెట్లతో వచ్చినవాళ్ళను అక్కడే వదిలి అతను వెనక్కి తిరిగాడు. ఇంట్లో మిషన్ కూస్తోంది. సిలిండర్‌లో సగం కూడా లేదు.

"ముత్యం బావా, బండి తియ్యి. దవాఖానకు పోవాలె."

ముత్యం ఆటో ఎక్కి తాళం తిప్పాడు. దిగాడు. వైరు ఇంకా ప్లగ్గుకే ఉంది.

"ఇప్పుడే పెట్టిన బావా ఛార్జింగ్. చౌరస్తా గూడ దాటది."

పోశవ్వను చేతుల మీద మెయిన్ రోడ్డుదాకా మోశారు. సిలిండర్ తిరుమల పట్టుకుంది. డీజిల్ ఆటో ఒకటి, పొగ వదులుతూ, సగం మందిని దింపేసి వీళ్ళను ఎక్కించుకుంది.

దవాఖానలో ఆక్సిజన్ గోడలోనే ఉంటుంది, అక్కడ కరెంటు పోదు. పోశవ్వ తేరుకుంది. ఉపేందర్ మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి దిమ్మె దగ్గర త్రివిక్రమ్ ఉన్నాడు. చేతిలో మూడు పోగుల ఫ్యూజు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉపేందర్ చేతిలో పెట్టాడు.

"ఇది పై అధికారులకు పంపితే నీ ఉద్యోగం ఉండదు. పంపను. ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వక ఇది చేయించింది కూడా మేమేనంటారు మీరు."

రిపేరయిన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి పెడతానని, అది ముందు దానికంటే ఎక్కువ మొయ్యదని త్రివిక్రమ్ చెప్పాడు. సంతకం పెట్టి మీటరు తీసుకున్న ఇళ్ళకు మాత్రం పక్క లైను నుంచి వేరే తీగ లాగిస్తాడు. ఆ తీగ మీద బరువు తక్కువ కాబట్టి ఫ్యూజు పోదు. ఎంతమంది సంతకం పెడితే అంతమందికి.

ఒక్కడే పెట్టాడు.

మీటరు బిగించిన రోజు ఎవరూ అరవలేదు. గోడ మీద ఏమీ రాయలేదు. రాయమల్లు దారిలో కనిపించి, "నమస్తే ఉపేందర్ గారూ," అన్నాడు. చిన్నప్పటి నుంచి తమ్మీ అనే మనిషి. సారవ్వ సకినాల డబ్బా ఖాళీది వెనక్కి అడిగించుకుంది. పాత తీగ మీద మిగతా లైన్లో ఫ్యూజు మళ్ళీ రోజూ పోతోంది. నిచ్చెన భుజాన వేసుకుని ఉపేందర్ పోయి వేస్తూనే ఉన్నాడు. అది అతని డ్యూటీ. కింద నిలబడి పరాచికాలాడటానికి ముత్యం రావడం లేదు.

పోశవ్వ ఇంటికి వచ్చాక మంచానికి ఎదురుగా, గోడ మీద కొత్త డబ్బా చూసింది. దాంట్లో ఎర్ర చుక్క ఒకటి వెలిగి ఆరుతోంది. అదేందని అడిగితే, కరెంటు కాలినప్పుడల్లా కొట్టుకుంటుందని తిరుమల చెప్పింది. ఎక్కువ కాలితే జల్ది కొట్టుకుంటుంది. ఎక్కువైనదానికి ఆయన జీతంల పట్టుకుంటరని కూడా చెప్పింది. పోశవ్వ మంచం మీద ఒరిగి దాన్ని చూస్తూ పడుకుంది.

మూడు నాలుగు రోజులు మిషన్ ఆగకుండా నడిచింది. ఉపేందర్ మధ్యాహ్నం పూట నింపాదిగా అన్నం తిన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు లైన్లో ఫ్యూజు వేసి ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గరే ఏదో తేడాగా అనిపించింది. తలెత్తి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. అంటే కరెంటు ఉంది. వెనక గదిలో చప్పుడు లేదు. కూత లేదు, మిషన్ నడిచే రొద కూడా లేదు.

పోశవ్వ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. గొట్టం ముక్కులోనే ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. మిషన్ స్విచ్ బంద్ చేసి ఉంది. ఉపేందర్ స్విచ్ వేసి, గాలి పెంచి, ఆమె వీపు పట్టుకుని కూర్చున్నాడు. మాట వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"ఎవరు బంద్ చేసిన్రు అవ్వా?"

"నేనే." ఆమె గోడ వైపు చూపించింది. "గది జల్ది జల్ది కొట్టుకుంటాంది కొడుకా. నా ఒక్కదాని కోసం నీ జీతం కాల్తాందని బంద్ చేసిన. మెల్లగైంది."

మెల్లగవ్వడానికి లేదు. ఉపేందర్ వంటింట్లోకి తొంగి చూశాడు. హీటర్ కాయిల్ ఎర్రగా కాలుతోంది. మీద గిన్నె ఉంది, నీళ్ళు సగం ఇగిరాయి. హీటర్ తినేదాంట్లో మిషన్ తినేది అయిదో వంతు కూడా ఉండదు. ఆ సంగతి అతను లైన్లో ఇంటింటికీ చెప్పాడు. ఈ ఇంట్లో కూడా చెప్పాడు.

"గా హీటర్ బంద్ చెయ్యకపోయినవా?"

పోశవ్వ కొడుకు ముఖంలోకి చూసింది. వాడు చదువుకున్నవాడే, డ్యూటీ చేసేవాడే, ఇంత తెలివితక్కువ మాట ఎట్లా అడిగాడన్నట్టు చూసింది.

"ఇంట్ల మనుషులుండంగ పొయ్యి బంద్ పెడ్తరారా ఎవలన్న?"

అతను లేచి వంటింట్లోకి పోయి, గిన్నె దించి, హీటర్ స్విచ్ ఆపాడు. కాయిల్ ఎరుపు తగ్గి నల్లబడేదాకా అక్కడే నిలబడ్డాడు. గోడ మీది చుక్క ఇప్పుడు నిజంగానే నెమ్మదించింది. పోశవ్వ దాని వంక చూడలేదు. ఆరిన పొయ్యి వంక చూసి, ముఖం గోడకు తిప్పుకుంది.

సాయంత్రం తిరుమల పని నుంచి వచ్చి చాయ్ పెట్టబోతే గ్యాసు అయిపోయి ఉంది. హీటర్ స్విచ్ వేసింది. టప్పుమంది, వెలగలేదు. ఉపేందర్ వచ్చి వంగి చూశాడు. కాయిల్ తెగింది.

"నేను చెప్పలే?" అంది పోశవ్వ, మంచం మీది నుంచే. "పో, సారవ్వనడిగి ఒక కాయిల్ పట్టుకరా."